పెరటి ముసలి చెట్ల లెక్క: రెండున్నరేళ్ళ డైరీ

గోదావరి డెల్టాలోని కోనసీమలో, అంబాజీపేటకు దగ్గరలో, కాలువ గట్టు పక్కన మా ఊరు. ఇంటి స్థలం పద్దెనిమిది సెంట్లు. మధ్యలో పెంకుటిల్లు, చుట్టూ ఏడు కొబ్బరి చెట్లు, ఒక మామిడి, ఒక పనస. కొబ్బరి మానులకు సున్నంతో అంకెలు వేశాను కాబట్టి ఇక్కడ కూడా కొ1, కొ2 అనే రాస్తాను. కొ1, కొ2, కొ3, కొ5 తాతగారు వేసినవి. కొ4, కొ6, కొ7 నాన్న వేసినవి. 1996 నవంబరు 6 నాటి తుపానుకు పెరట్లో మూడు చెట్లు పడిపోతే, ఆ గోతుల పక్కనే 1997 జనవరిలో మూడు మొక్కలు నాటారు.

దశ 1: కొట్టకూడని చెట్టును కొట్టించాను (2023 ఏప్రిల్)

కొ3 పెరట్లో అన్నిటికన్నా పొడుగు. ఆ వేసవిలో దాని ఆకులు మసి పూసినట్టు నల్లబడ్డాయి. ఇంటికి వచ్చిన ప్రతి ఒక్కరూ తల పైకెత్తి చూసి ఒకే మాట అన్నారు: ముసలిదైపోయింది, తీసేయండి, గాలివానకు ఇంటి మీద పడుతుంది. నేనూ భయపడ్డాను. మూడు వేలు ఇచ్చి కొట్టించాను.

చెట్టు పడ్డాక మొదలు దగ్గర కూర్చుని చూశాను. కోత అంచు రాయిలా ఉంది, గొడ్డలి దెబ్బకు ముక్క లేవలేదు. వేర్లు బయట ఎరుపు, విరిస్తే లోపల తెలుపు. మొవ్వు పక్కన మూడు పొత్తులు విచ్చుకోవడానికి సిద్ధంగా ఉన్నాయి. ఆకు మీది నలుపును తడి గుడ్డతో తుడిస్తే ఊడి వచ్చింది, కింద పచ్చటి ఆకు! అది ముసలితనం కాదు. ఆకు అడుగున సర్పిలాకార తెల్లదోమ గుండ్రంగా, మైనపు పొడితో గుడ్లు పెట్టింది. అది విసర్జించే తీపి జిగురు కింది ఆకుల మీద పడి, దానిపై మసి బూజు పెరిగింది. గట్టి వాన కురిస్తే సగం కడుక్కుపోయేది. అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానంలో దీనికోసం ఇసారియా అనే మేలు చేసే శిలీంధ్రం ఇస్తారని తర్వాత తెలిసింది. అక్కడికి నా సైకిల్ మీద ఇరవై నిమిషాలు.

దాదాపు అరవై ఏళ్ళ చెట్టును, ఇరవై నిమిషాల దూరం వెళ్ళి అడగకుండా కొట్టించాను. డైరీ ఆ రాత్రే మొదలైంది. ఇక మీద ఏ చెట్టునైనా కొలిచి చూడకుండా ముట్టుకోనని అమ్మకు మాట ఇచ్చాను.

లెక్క: మిగిలిన చెట్లు 8. ఖర్చు రూ. 3,000.

దశ 2: ఏమేమి కొలవాలి (2023 జూన్, జులై)

పనిముట్లు: 30 మీటర్ల టేపు, తాపీ మేస్త్రి తూకం గుండు, చెక్క సుత్తి, అడుగున్నర ఇనుప చువ్వ, సుద్ద, మీటరు కర్ర, అడుగు పొడవు ఉన్న 6 మిల్లీమీటర్ల డ్రిల్లు పుల్ల. డ్రిల్లు మిషను వడ్రంగి దగ్గర అడిగి తెచ్చుకున్నాను. కొన్న వాటికి రూ. 900 అయింది.

ముందు వయసు. కొబ్బరికి మామిడిలా వలయాలు ఉండవు. కానీ రాలిన ప్రతి మట్టా మాను మీద ఒక మచ్చ వదిలిపోతుంది. నాటిన తేదీ తెలిసిన చెట్టుతో ముందు లెక్క సరిచూసుకున్నాను.

1. కొ6 మీద మచ్చలు లెక్కించమని, చెట్లెక్కి కాయలు దించే దింపు బాబాయిని అడిగాను. పదేసి మచ్చలకు ఒక సుద్ద గీత. మొత్తం 271.
2. తలలో ఉన్న పచ్చి మట్టలు 33. కలిపితే 304.
3. నాటి ఇరవై ఆరున్నరేళ్ళు. మాను కనపడడానికి ముందు గడిచిన నాలుగేళ్ళు తీసేస్తే ఇరవై రెండున్నర. ఏడాదికి పదమూడున్నర మట్టలు.
4. కొ1 మీద మచ్చలు 690, తలలో మట్టలు 26. కలిపితే 716. పదమూడున్నరతో భాగిస్తే 53, మొదటి నాలుగేళ్ళు కలిపితే 57.

అంటే 1966 ప్రాంతంలో నాటినది. అమ్మను అడిగాను. 1974లో కాపురానికి వచ్చేసరికి ఆ చెట్టుకు నిలబడి చేత్తో కాయ కోసేవాళ్ళమని చెప్పింది. పొడుగు రకం కాపుకు రావడానికి ఆరేడేళ్ళు పడుతుంది కాబట్టి లెక్క కుదిరింది. ముదిరిన చెట్టు ఏడాదికి వేసే మట్టలు తగ్గుతాయి, అందుకే ఈ పద్ధతిలో వచ్చే వయసు అసలు వయసుకన్నా కాస్త తక్కువే చూపిస్తుంది.

ఇంత కష్టపడి వయసు తేల్చాక దాన్ని పట్టికలో చివరి గడిలోకి నెట్టాను. 57 ఏళ్ళ కొ1 తలలో 26 మట్టలు ఉన్నాయి, ప్రతి మట్ట చంకలో గెల ఉంది. దాని ఈడుదే కొ2, తల సన్నబడి పెన్సిలు మొనలా ఉంది. వయసు ఒకటే, స్థితి వేరు.

తర్వాత ఎత్తు. ఎండలో మీటరు కర్ర నిలబెట్టి దాని నీడ, అదే నిమిషంలో చెట్టు నీడ కొలిచాను. కొ2కు కర్ర నీడ 62 సెంటీమీటర్లు, చెట్టు నీడ 10.9 మీటర్లు. భాగిస్తే ఎత్తు 17.6 మీటర్లు. ఇంటి గోడకు దూరం ఆరున్నర మీటర్లే. పడితే ఇంటి నడికొప్పు దాకా వస్తుంది.

వాలు కొలవడంలో మొదటి మూడు వారాల అంకెలు చెత్తబుట్టలో వేయాల్సి వచ్చింది. మాను మీద రెండు మీటర్ల ఎత్తున మేకు కొట్టి, దానికి దారంతో గుండు వేలాడదీసి, దారం నుంచి మాను మొదటికి దూరం కొలిచేవాణ్ణి. కాలువ గాలికి గుండు ఊగి ఒకసారి 36, ఒకసారి 44 వచ్చేది. మార్చిన పద్ధతి: గుండును నీళ్ళ బకెట్‌లో ముంచాలి, ఊపు ఆగిపోతుంది. మొదలు దగ్గర సిమెంటు దిమ్మె పాతి దాని మీద గీత పెట్టాలి, ప్రతిసారీ ఆ గీత నుంచే కొలవాలి. అప్పటి నుంచి తేడా అర సెంటీమీటరు దాటలేదు.

కాయల లెక్క నాన్న దింపు పుస్తకంలో ఉంది. చెట్టు చెట్టుకు విడిగా రాసేవారు. ఏడాదికి ఆరు దింపులు కలిపి:

కొ1: 2010లో 92, 2018లో 74, 2022లో 61.
కొ2: 2010లో 88, 2018లో 48, 2022లో 19.
కొ5: 2010లో 95, 2018లో 81, 2022లో 52.

ఒక్క కాయల లెక్కనే నమ్మకండి. నల్లి పట్టిన ఏడాది పిందెలు గోధుమ రంగు పగుళ్ళతో రాలిపోతాయి, చెట్టు మాత్రం దుక్కలా ఉంటుంది. కాయలు, మట్టలు, వాలు మూడూ ఒకేసారి దిగజారుతుంటేనే అనుమానించాలని పుస్తకం మొదటి పేజీలో రాసుకున్నాను.

లెక్క: చెట్లు 8. ఖర్చు రూ. 3,900.

దశ 3: మూల పడేసిన దుంగలు (2023 సెప్టెంబరు)

కొ3 మొద్దుకు నాలుగు మీటర్ల అవతల జూన్‌లో రెండు కొబ్బరి మొక్కలు నాటాను. సెప్టెంబరు మొదటి వారానికి రెండిటి మొవ్వు ఆకులూ కత్తెరతో కత్తిరించినట్టు వజ్రాకారపు కోతలతో విచ్చుకున్నాయి. కొమ్ము పురుగు. ఎక్కడి నుంచి వచ్చిందో వెతకడానికి దూరం వెళ్ళనక్కర్లేకపోయింది. కొ3 దుంగలు ఆరు ముక్కలు ప్రహరీ మూల ఏప్రిల్ నుంచి అలాగే ఉన్నాయి, మొద్దు నేలలోనే ఉంది. వానకు నాని మెత్తబడిన దుంగను గునపంతో చీలిస్తే, తడి పొట్టులో బొటనవేలంత లావున, తెల్లగా, చంద్రవంకలా వంగి పడుకున్న పురుగులు. ఒక్క దుంగలో పద్నాలుగు ఏరాను.

చేసినది:
1. పురుగులన్నీ ఏరి చంపాను. దుంగలు చీల్చి ఎండబెట్టి పొయ్యిలోకి వాడాం.
2. మొద్దును వేర్లతో సహా తవ్వించాను. ఇద్దరు మనుషులకు ఒక రోజు పట్టింది.
3. పెంటకుప్పను తిరగవేయించాను, అందులో మరో తొమ్మిది దొరికాయి.

రెండు మొక్కల్లో ఒకటి మొవ్వు కుళ్ళి చచ్చిపోయింది. రెండోది డిసెంబరులో పోయింది. కూలి రూ. 2,200, మొక్కలు రూ. 400.

నరికే ఖర్చు మాట్లాడుకునేటప్పుడే మొద్దు తవ్వడం, దుంగలు తరలించడం కలిపి మాట్లాడుకోండి. విడిగా అయితే రెండోసారి మనుషులు దొరకడమే కష్టం.

లెక్క: చెట్లు 8. ఖర్చు రూ. 6,500.

దశ 4: కొ2 (2023 జులై నుంచి 2024 ఫిబ్రవరి)

ఇంటి వైపు వాలిన చెట్టు ఇదొక్కటే. వాలడం తప్పు కాదు. డెల్టాలో కాలువ పక్క కొబ్బరి వెలుతురు కోసం వాలి, పైకి వంపు తిరిగి అరవై ఏళ్ళు నిలబడుతుంది. నాకు కావలసింది వాలు పెరుగుతోందా అన్న ఒక్క సంగతే.

జులై 2023: 40 సెంటీమీటర్లు.
సెప్టెంబరు: 40.
నవంబరు: 41.
డిసెంబరు 8: 49.

డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. మాకు గాలి మరీ భయంకరంగా లేదు, వాన మాత్రం కుండపోత. నేల నానింది. మూడు రోజుల తర్వాత కొలిస్తే ఎనిమిది సెంటీమీటర్లు పెరిగింది. వాలుకు ఎదురు పక్క, మాను నుంచి అడుగు దూరంలో, నేల మీద నెలవంకలా ఒక పగులు. చువ్వ దింపితే అడుగు లోతుకు ఏ అడ్డూ లేకుండా దిగింది. కాలు పెట్టి నొక్కితే నేల మెత్తగా కిందికి వెళ్ళి మళ్ళీ పైకి వచ్చింది. ఆ కదలిక అరికాలికి తెలిశాక నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అమ్మ మంచాన్ని ముందు గదిలోకి మార్చాం.

దింపు బాబాయి వచ్చి మాను మీద చెయ్యి వేసి, మోకు భుజానికే ఉంచుకున్నాడు.

"ఇది ఎక్కనండి మాస్టారూ. నా బరువుకే వచ్చేస్తుంది."

"మరి ఎలా తీయాలి బాబాయ్?"

"పక్కన కొ1 ఎక్కి దాని తలకు మోకు వేసి లాగిపెడితే అప్పుడు ముక్కలు కొయ్యొచ్చండి. నేల ఆరాక. ఇప్పుడు కాదు."

నేల ఆరడానికి ఫిబ్రవరి రెండో వారం దాకా ఆగాం. ఆ రెండు నెలలూ రెండు మోకులతో కొ2ను వెనక్కి, కాలువ గట్టున ఉన్న దిమ్మెకు కట్టి ఉంచాం. ప్రతి ఆదివారం కొలిచాను: 49, 49, 50, 50, 50, 50, 51, 51. ఫిబ్రవరి 11న తల, తర్వాత మీటరున్నర ముక్కలుగా మాను, అదే రోజు మొద్దు. పెంకు ఒక్కటీ పగలలేదు. వేర్లలో వాలుకు ఎదురు పక్కవి సగానికి పైగా నల్లబడి తెగిపోయి ఉన్నాయి. పొడుగాటి దుంగలు రెండు చేలోకి వెళ్ళే బోదె మీద వంతెనగా వేశారు, మిగిలినవి ఆ వారమే తరలిపోయాయి.

రూ. 5,500.

లెక్క: చెట్లు 7. ఖర్చు రూ. 12,000.

దశ 5: కొ5 మొదట్లో ఎర్రటి బంక (2023 ఆగస్టు నుంచి 2025 జనవరి)

ఎక్కువ రోజులు పోరాడింది దీనితోనే, ఎక్కువ తప్పులు చేసింది కూడా.

మాను మొదట్లో, నేలకు జానెడు ఎత్తులో, పగులు నుంచి ముదురు ఎరుపు బంక కారి ఎండింది. గానోడెర్మా తెగులు, మన ప్రాంతంలో బంక కారు తెగులు అంటారు. శిలీంధ్రం నేలలోంచి వేర్లలోకి, వేర్లలోంచి మాను మొదలులోకి పాకుతుంది. బంక ఎంత ఎత్తుకు ఎక్కితే లోపల కుళ్ళు అంత పైకి ఎక్కిందని అర్థం. ముదిరాక మొదట్లో పుట్టగొడుగు పళ్ళెంలా పుడుతుంది. పక్క చెట్లకు మట్టి ద్వారా, నీటి ద్వారా పాకుతుంది.

పరిశోధన స్థానం వాళ్ళు చెప్పినట్టు మొదలుపెట్టాను.

1. అయిదు కిలోల వేపపిండిలో 50 గ్రాముల ట్రైకోడెర్మా విరిడి (తెగులు శిలీంధ్రాన్ని అణిచే మేలు శిలీంధ్రం) కలిపి, తడి చేసి, గోనె కప్పి వారం రోజులు నీడలో ఉంచి, చెట్టు పాదులో వేశాను.
2. పెన్సిలంత లావున్న ఆరోగ్యంగా ఉన్న వేరు వెతికి, ఏటవాలుగా కోసి, నూరు మిల్లీలీటర్ల మందు నీళ్ళున్న సంచిలో దించి కట్టాను. మందు వాళ్ళు ఇచ్చిన మోతాదే. ఆ తర్వాత 45 రోజులు కాయలు దింపలేదు.
3. రోగం పక్క చెట్టుకు పాకకుండా చుట్టూ కందకం.

రెండో మెట్టులో మొదటిసారి విఫలం. మర్నాటికి సంచిలో మందు అంతే ఉంది. కోసిన వేరు అప్పటికే చచ్చినదని తర్వాత తెలిసింది. గోరుతో గీకితే లోపల తెల్లగా, తడిగా ఉన్న వేరే మందు తాగుతుంది. నాలుగో వేరుకు కుదిరింది, పొద్దున్నకు సంచి ఖాళీ.

మూడో మెట్టు ఇంకా పెద్ద పొరపాటు. కందకం తవ్వింది ఆగస్టులో. మా నేలలో వానాకాలం రెండడుగులకే నీళ్ళు పడతాయి. రెండో రోజుకు కందకం నిండింది, నాలుగో రోజు కుండపోతకు పొంగి కొ6 మొదట్లోకి పారింది. నీటితో పాకే రోగానికి నేనే కాలువ తవ్వి ఇచ్చినట్టయింది. వెంటనే పూడ్చి, కొ6 చుట్టూ గట్టు వేసి, దానికీ వేపపిండి, ట్రైకోడెర్మా వేశాను. కందకం మళ్ళీ మార్చిలో తవ్వాను. డెల్టాలో ఈ పని ఎండాకాలంలోనే చేయండి, జూన్‌కు ముందే పూడ్చి గట్టుగా మార్చండి.

బంక ఎత్తు సుద్ద గీతలతో గుర్తుపెట్టాను. పక్కన ఉన్న అంకె తలలోని మట్టలది.

ఆగస్టు 2023: 22 సెంటీమీటర్లు, 27 మట్టలు.
డిసెంబరు: 41, 25.
మార్చి 2024: 47, 24.
జూన్: 49, 24.
సెప్టెంబరు: 78, 19.
డిసెంబరు: 131, 13.

మార్చి నుంచి జూన్ వరకు రెండు సెంటీమీటర్లే పెరగడం చూసి గెలిచామనుకున్నాను. అది వేసవి వల్ల వచ్చిన ఊరట. వానలు పడగానే ఎర్ర గీత ఎగబాకింది. సెప్టెంబరు అంకె చూసినప్పుడే తీసేయాల్సింది. మూడు నెలలు ఎందుకు ఆగానని అడిగితే నా దగ్గర ఉన్న జవాబు ఒక్కటే: దాని కింద నాన్న మడత కుర్చీ వేసుకునేవారు. ఆ మూడు నెలల్లో కింది మట్టలు మాను చుట్టూ లంగాలా వేలాడాయి, కాయలు లొట్టపోయాయి, కొ6 పక్కన రోగం మూడు నెలలు ఎక్కువ నిలిచింది.

అప్పుడు నా కోసం ఒక గీత గీసుకున్నాను. ఇది నా పెరటికి నేను పెట్టుకున్నది: బంక మీటరు దాటినా, మట్టలు పదిహేనుకు తగ్గినా, రెండిట్లో ఏది ముందు జరిగినా తీసేయాలి. వానాకాలం గడవకుండా మందు పనిచేసిందని రాసుకోకూడదు.

2025 జనవరి 19న తీశాం. మొదలు కోత చూస్తే 36 సెంటీమీటర్ల మానులో బయటి అంచు అయిదారు సెంటీమీటర్లే గట్టిగా ఉంది. మధ్యది ముదురు గోధుమ రంగులో, వేలు దిగేంత మెత్తగా, పుట్టగొడుగు వాసనతో ఉంది. మొద్దు, వేర్లు, కిందపడిన పొట్టు అంతా గొయ్యిలోనే కాల్చాం. ఆ గోతిలో మళ్ళీ కొబ్బరి వేయలేదు, అరటి వేశాను. కొ6 మొదలు ప్రతి నెలా చూస్తున్నాను. ఇప్పటివరకు బంక లేదు.

మందులు, కందకాలు రూ. 3,400. నరికి తవ్వినందుకు రూ. 4,500.

లెక్క: చెట్లు 6. ఖర్చు రూ. 19,900.

దశ 6: కొత్తపల్లి కొబ్బరి మామిడి (2023 నవంబరు నుంచి 2025 మే)

కొత్తపల్లి కొబ్బరి అన్నది మామిడి రకం పేరు. మా ఆవకాయ చెట్టు. దీని గురించి అమ్మతో మాట్లాడడానికే నాకు నాలుగు నెలలు పట్టింది.

మామిడి మొదలు నేలను తాకే చోట ఏనుగు పాదంలా విచ్చుకోవాలి. మాది స్తంభం పాతినట్టు నిటారుగా నేలలోకి దిగింది. కారణం మేమే. 2009లో ఊరి రోడ్డు ఎత్తు పెంచారు, వాన నీళ్ళు పెరట్లోకి తిరిగాయి, ట్రాక్టర్లతో మట్టి తోలించి మెరక చేశాం. మామిడి మొదట్లో 55 సెంటీమీటర్ల మట్టి పడింది. కొబ్బరి ఆ మట్టిలోకి కొత్త వేర్లు వేసుకుని బతికింది. మామిడి బెరడు పద్నాలుగేళ్ళు తడిలో నానింది. డెల్టాలో దాదాపు ప్రతి ఇల్లూ ఎప్పుడో ఒకప్పుడు మెరక చేసుకున్నదే. మీ మామిడి, పనస, వేప మొదళ్ళు ఒకసారి చూసుకోండి.

మట్టి తీయడం మొదట గునపంతో మొదలుపెట్టి, పాత బెరడును రెండు చోట్ల గాయపరిచాను. తర్వాత చేత్తో, నీళ్ళ గొట్టంతో కడుగుతూ తీశాను. మూడు ఆదివారాలు. పడమటి వైపు, అరుగు ఉన్న పక్క, బెరడు నల్లగా, చేతికి ఊడి వచ్చేలా ఉంది.

లోపలి సంగతి ఇలా చూశాను.

1. చెక్క సుత్తితో చుట్టూ అరడుగుకు ఒక దెబ్బ. తూర్పున టక్కుమంది, పడమట డొల్ల చప్పుడు. డొల్ల మోగిన చోటల్లా సుద్దతో చుక్క పెట్టాను.
2. ఛాతీ ఎత్తున చుట్టుకొలత 251 సెంటీమీటర్లు. 6.28తో భాగిస్తే వ్యాసార్ధం 40.
3. నాలుగు దిక్కులా సన్న డ్రిల్లు పుల్లతో నెమ్మదిగా రంధ్రం. పుల్ల ఒక్కసారిగా తేలికగా జారిన చోట ఆపి లోతు కొలవాలి. బయటికి వచ్చే పొట్టు రంగు కూడా రాయాలి.

2023 నవంబరు: తూర్పు 19, ఉత్తరం 16, పడమర 7, దక్షిణం 21.

చెట్ల భద్రత చూసేవారు వాడే ఒక కొలత ఉంది: బోలు మానులో గట్టి కలప మందం వ్యాసార్ధంలో సుమారు మూడోవంతు, తక్కువలో తక్కువ నూటికి ముప్పై ఉండాలి. మాకు అది 12 సెంటీమీటర్లు. మూడు దిక్కులు పాస్, పడమర ఫెయిల్. ఇది బోలు మూసుకుని ఉన్న మానుకు పనికొచ్చే లెక్క. తొర్ర బయటికి తెరుచుకుని ఉంటే ఇంకా ఎక్కువ మందం కావాలి. రంధ్రాలు నాలుగే వేశాను. ప్రతి రంధ్రమూ చెట్టుకు కొత్త గాయమే, అందుకని ఏడాదికి పైగా మళ్ళీ వేయలేదు.

అప్పుడే కొట్టించలేదు. ఇంటి వైపు వెళ్ళే రెండు కొమ్మలు తీయించి బరువు తగ్గించాను, రూ. 2,500. తొర్ర పక్క నిలువు పగులుకు అటూ ఇటూ రెండు మేకులు కొట్టి వాటి మధ్య దూరం రాశాను: 84 మిల్లీమీటర్లు. మిచౌంగ్ తర్వాత 88. 2024 నవంబరుకు 95.

అమ్మ మాట మొదటి నుంచీ ఒకటే. "కాస్తున్న చెట్టును కొడతావురా?" నేను కాయల లెక్క చూపించలేదు, మేకుల మధ్య దారం కట్టి చూపించాను. నవంబరులో మేకుకు కట్టిన దారం తెగి వేలాడుతోంది. అమ్మ ఆ దారాన్ని చాలాసేపు పట్టుకుని నిలబడింది. ఆ సాయంత్రమే, అంటు మొక్కలు బతికాక అయితే సరేనంది.

అంటు అంతకు ముందే, 2024 జులైలో కట్టించాను. కడియం నర్సరీలలో పనిచేసే మనిషి వచ్చి టెంక మొలకల మీద పది అంట్లు కట్టాడు. నాలుగు మూడు వారాల్లో ఎండిపోయాయి, ఆరు చిగిర్చాయి. చెట్టు తీసేద్దామన్న ఆలోచన రాగానే, తీసే రోజుకు కనీసం ఏడాది ముందు, అంట్లు కట్టించుకోండి. చచ్చిపోతున్న కొమ్మకు కట్టిన అంటు బతకదు.

2025 ఫిబ్రవరిలో రెండోసారి డ్రిల్లు: తూర్పు 19, ఉత్తరం 13, పడమర 4, దక్షిణం 20. ఉత్తరం కూడా కరుగుతోంది. తీసేయడానికి నిశ్చయం అయింది. వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల చట్టం) 2002 నాటిది, చెట్లు నరకడానికి అనుమతి అడగమంటుంది. ఫోటోలు, కొలతల కాగితం జతచేసి దరఖాస్తు పెట్టాను.

మార్చిలో తొర్రలోంచి చప్పుడు వినపడింది. నిచ్చెన వేసి ఫోను వెలుతురులో చూస్తే రామచిలుక పిల్లలు మూడు. ఇంకా ఈకలు రాలేదు, మెడలు చాచి నోళ్ళు తెరిచాయి. పని ఆపేశాం. ఏప్రిల్ 27న మూడోది కూడా ఎగిరిపోయింది. మే మొదటి వారం చివరి కాపు, 310 కాయలు. అమ్మ ఆవకాయ పెట్టి ఆరు ఇళ్ళకు పంచింది. మే 18న చెట్టు తీశాం.

పడమటి వైపు తొర్ర నేల దాకా ఉంది, లోపల చెదల మట్టి. డ్రిల్లు అంకెలకు, కోతలో కనపడిన మందానికి సెంటీమీటరు మించి తేడా లేదు.

నరికినందుకు రూ. 9,000. కలప, పొయ్యి కట్టెలు అమ్మితే రూ. 6,500 వచ్చాయి.

లెక్క: చెట్లు 5. ఖర్చు రూ. 24,900. అంట్లలో రెండు పెరట్లో, ఈసారి మొదలు నేలకు నాలుగు వేళ్ళు పైకే ఉండేలా నాటాను. నాలుగు చుట్టాలకు ఇచ్చాను.

పనస గురించి రాయడానికి ఏమీ లేదు. సుత్తి దెబ్బ అన్ని వైపులా గట్టిగా మోగుతుంది, మొదట్లో మెరక మట్టి తీసేశాను, కాస్తోంది.

దశ 7: మొంథా రాత్రి (2025 అక్టోబరు 28)

మొంథా తుపాను కాకినాడ పరిసరాల్లో తీరం దాటవచ్చని ముందు రోజే తెలిసింది, దాటింది నరసాపురం దగ్గర. కొ1 అందరికీ భయం. 19.2 మీటర్ల ఎత్తు, అప్పటికి సుమారు 59 ఏళ్ళు. నా పుస్తకంలో మాత్రం రెండేళ్ళలో వాలు 31 నుంచి 31.5, అదీ కాలువ వైపు. మట్టలు 26, 25, 26. కొట్టించమని చెప్పినవారికి ఆ పేజీ చూపించి ఊరుకున్నాను. ముదిరిన గెలలు, ఎండు మట్టలు మాత్రం దింపించాను.

రాత్రి పదకొండున్నరకు పెద్ద చప్పుడు. పడింది కొ1 కాదు, కొ4. నాన్న 1997లో వేసినది, తలలో 34 మట్టలు, వాలు 6 సెంటీమీటర్లు, బంక లేదు, నా పట్టికలో అన్ని గళ్ళూ బాగున్న చెట్టు. స్నానాల గది మీద పడి నాలుగు రేకులు పగిలాయి. మనుషులెవరూ ఆ పక్కన లేరు.

పొద్దున్న పైకి లేచిన వేర్ల పళ్ళెం చూశాను. మూడు వైపులా వేర్లు జూలులా ఉన్నాయి. నాలుగో వైపు గోడ కోసినట్టు సాపుగా ఉంది. 2021లో మరుగుదొడ్డి గొయ్యి తవ్వించినప్పుడు కొ4 మాను నుంచి 90 సెంటీమీటర్ల దూరంలో తవ్వారు. ఆ పక్క వేర్లన్నీ అప్పుడే తెగిపోయాయి. తవ్వించింది నేనే, పక్కన నిలబడి చూసింది నేనే, రెండున్నరేళ్ళ కొలతల్లో ఒక్కసారీ ఆ గొయ్యి గుర్తుకు రాలేదు. గాలి సరిగ్గా ఆ వైపు నుంచే వచ్చింది.

రేకులు, చెట్టు తొలగింపు, మొద్దు తవ్వకం కలిపి రూ. 7,800.

లెక్క: చెట్లు 4 (కొ1, కొ6, కొ7, పనస). ఖర్చు రూ. 32,700.

దశ 8: పట్టికలో మార్పులు (2025 నవంబరు)

కొత్త గళ్ళు రెండు. ఒకటి, మానుకు మూడు మీటర్ల లోపు జరిగిన తవ్వకాలు: ఏ వైపు, ఎంత దూరం, ఎంత లోతు, ఏ ఏడాది. అమ్మను, పక్కింటి వారిని, తాపీ మేస్త్రిని అడిగి 1997 నుంచి రాసుకొచ్చాను. రెండు, ఆ వైపు నుంచి గాలి వస్తే చెట్టు ఎటు పడుతుంది.

ఈ గళ్ళు నింపితే కొ7 పక్కన కూడా ఒకటి తేలింది. 2016లో మంచినీళ్ళ గొట్టం కోసం 140 సెంటీమీటర్ల దూరంలో, రెండడుగుల లోతు కాలువ తవ్వారు. నవంబరు 9న అక్కడ చేత్తో మట్టి తీసి చూశాను. తెగిన చోటి నుంచి కొత్త వేర్లు గొట్టం కింద నుంచి అవతలికి వెళ్ళాయి, పెన్సిలు లావువి పదిహేడు లెక్కపెట్టాను. గోరుతో గీకితే తెల్లగా ఉన్నాయి. కొ7ను ఉంచుతున్నాను. గుండు కొలత 11 సెంటీమీటర్లు. వచ్చే కొలత డిసెంబరు 7, నేల కాస్త ఆరాక.